హాట్ టబ్ మందులతో దురద, దగ్గు: తప్పంతా క్లోరిన్, బ్రోమిన్‌లదేనా?

సాయంత్రంనీడ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అడగక తప్పట్లేదు.

మాది నలుగురు పట్టే హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి), 1,200 లీటర్లు. ఆరుబయటే ఉంటుంది. నీళ్లలో క్రిములు చావడానికి మొదట్లో క్లోరిన్ పొడి వేసేవాళ్లం. వాసన ఎక్కువగా ఉందని బ్రోమిన్ బిళ్లలకి మారాం. బిళ్లల్ని నీళ్లమీద తేలే డబ్బాలో వేసి వదిలేస్తాం, వారానికోసారి, నీళ్లలోని మురికి విరగడానికి, "క్లోరిన్ లేని షాక్" అని రాసున్న పొడి చల్లుతాం. మారినప్పటి నుంచి మావారికి టబ్‌లోంచి లేచాక ఒళ్లు దురద, మర్నాటికి ఎర్రటి దద్దుర్లు. నాకు దురద లేదు గానీ మూత ఎత్తగానే ముక్కుకి ఘాటెక్కి దగ్గు తెర వస్తుంది, కళ్లు మండుతాయి.

మా అత్తగారేమో "ఆ విషాలన్నీ మానేసి ఉత్తి నీళ్లలో కూర్చోండి, ఏం పోయింది" అంటున్నారు. నాకూ అదే నయమనిపిస్తోంది. అసలు ఈ మందులు ఒంటికి ఎంత చేటు? మందు లేకుండా నడిపే దారేమైనా ఉందా?

బుడగలబాబు

సింపుల్ అండి. సాల్ట్ వాటర్ సిస్టమ్ పెట్టించుకోండి. మాది అదే. కెమికల్స్ గొడవే ఉండదు, ఉత్త ఉప్పు నీళ్లు. చర్మం కూడా మెత్తగా ఉంటుంది.

పీహెచ్_పంతులు

బుడగలబాబూ, మీ టబ్‌లో ఉన్నదీ క్లోరినే నాయనా. ఆ యంత్రంలో పలకల మధ్య కరెంటు నడిచినప్పుడు ఉప్పులోని క్లోరైడ్ క్లోరిన్‌గా మారుతుంది. డబ్బాలోంచి చల్లే బదులు అక్కడికక్కడే తయారవుతోంది, అంతే తేడా. కొంచెం కొంచెంగా ఆగకుండా తయారవుతుంది కాబట్టి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు సున్నా అనే హెచ్చుతగ్గులు తక్కువ. అందుకే హాయిగా అనిపిస్తుంది. అది మంచిదే. కెమికల్ లేదనుకుని టెస్ట్ చేయడం మానేస్తేనే చిక్కు.

సాయంత్రంనీడ గారూ, ఉత్తి నీళ్ల ఆలోచన మాత్రం వదిలేయండి. 38, 40 డిగ్రీల నీళ్లు, అందులో చెమట, చర్మం పొట్టు, రాసుకున్న నూనెలు, క్రీములు. క్రిములకి అంతకంటే ఏం కావాలి? పైగా జెట్లు (నీళ్లని జోరుగా చిమ్మే గొట్టాలు) ఆ నీళ్లని సన్నటి తుంపరలుగా ముఖం మీదకి కొడతాయి, వాటిని మనం పీల్చేస్తాం. ఓజోన్, యూవీ యంత్రాలు ఉన్నాయి కదా అంటారు. అవి తమలోంచి వెళ్లే నీటినే శుభ్రం చేస్తాయి. టబ్‌లో మీ పక్కన కూర్చున్న మనిషి ఒంటి మీంచి వచ్చే క్రిమిని అవి చూడనైనా చూడవు. నీళ్లలో ఎప్పుడూ కాస్త మందు నిలిచి ఉండాల్సిందే.

ఇక ఆ ఘాటు సంగతి. చాలామంది "క్లోరిన్ వాసన వస్తోంది, మందు ఎక్కువైంది" అనుకుంటారు. చాలాసార్లు జరిగేది దానికి వ్యతిరేకం. క్లోరిన్ మన చెమటలో, మూత్రంలో ఉండే నైట్రోజన్ పదార్థాలతో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. వాటిలో ట్రైక్లోరమైన్ అనేది నీళ్లలో నిలవదు, గాలిలోకి లేచిపోతుంది. ముక్కుకి తగిలేది, కళ్లు మండించేది, దగ్గు తెప్పించేది ఎక్కువగా అదే. అంటే వాసన కొడుతున్న టబ్‌లో క్రిముల్ని చంపే క్లోరిన్ అసలు మిగిలి ఉండకపోవచ్చు కూడా. ఉన్నదంతా మురికితో కుస్తీ పట్టి నీరసించిపోయి ఉంటుంది.

మీది ఇప్పుడు బ్రోమిన్ కాబట్టి లెక్క కొంచెం వేరు. బ్రోమిన్ కూడా అలాగే బ్రోమమైన్లు అవుతుంది కానీ అవి అంత వాసన రావు, క్రిముల్ని చంపే శక్తీ బాగానే ఉంటుంది. కాబట్టి మీ ఘాటుకి వేరే కారణం ఉండాలి. ముందు అంకెలు చెప్పండి: బ్రోమిన్ ఎంత, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల గుణం కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం) ఎంత, ఆల్కలినిటీ (పీహెచ్ జారిపోకుండా పట్టి ఉంచే గుణం) ఎంత, నీళ్లు మార్చి ఎన్నాళ్లైంది? అవి లేకుండా ఇక్కడ ఎవరేం చెప్పినా ఊహే.

తెల్లకోటు

పంతులు గారు నీళ్ల సంగతి చూసుకుంటారు. చర్మవ్యాధుల విభాగంలో పనిచేస్తాను కాబట్టి నేను ఒంటి సంగతి అడుగుతాను.

మీవారి దద్దుర్లు ఎక్కడెక్కడ ఉన్నాయి? ఇది చాలా ముఖ్యం. ఈత దుస్తులు ఉండే చోట, అంటే నడుము, పిరుదులు, గజ్జల దగ్గర ఎక్కువగా ఉండి, ఒక్కో రోమం మొదట్లో ఎర్రటి పొక్కు, కొన్నింట్లో చీము కనిపిస్తే అది మందు వల్ల వచ్చింది కాకపోవచ్చు. మందు చాలక వచ్చింది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా రోమకూపాల్లో చేరి తెచ్చే ఇన్ఫెక్షన్ అది. తడి బట్ట కింద చర్మం ఎక్కువసేపు నానుతుంది కాబట్టి అక్కడ దట్టంగా వస్తుంది. టబ్‌లో దిగిన కొన్ని గంటల నుంచి కొద్ది రోజుల లోపు బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఓ వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. జ్వరం వచ్చినా, పొక్కులు పాకుతున్నా, షుగర్ ఉన్నవాళ్లయినా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా డాక్టరుకి చూపించాలి.

అలా కాకుండా నీళ్లలో మునిగిన ఒళ్లంతా ఒకేలా ఎర్రబడి, పొడిబారి, పొట్టు లేస్తూ దురద పెడితే అది మందుల వల్ల చర్మం రేగడం. ఇందులో మళ్లీ రెండు రకాలు. మోతాదు ఎక్కువైతే ఎవరికైనా వచ్చే మంట ఒకటి. కొద్దిమందికే, తక్కువ మోతాదుకైనా వచ్చే అలర్జీ ఇంకొకటి. ఆ రెండోది వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. "నాకు క్లోరిన్ అలర్జీ" అని చాలామంది అంటుంటారు, నిజానికి వాళ్లలో ఎక్కువమందిది మొదటి రకమే.

రెక్కలగుర్రం

తెల్లకోటు గారు చెప్పిన పొక్కులు నేను అనుభవించాను. ఒక విడిదిలో దిగాం, టబ్ నీళ్లు కొంచెం మబ్బుగా ఉన్నాయి, వాసన అసలు లేదు. "మా దగ్గర మందులు చాలా తక్కువ వాడతాం సార్" అని అక్కడి కుర్రాడు గొప్పగా చెప్పాడు. మేమూ మెచ్చుకున్నాం! ఇంటికొచ్చాక నలుగురికీ నిక్కరు ఉన్న మేర పొక్కులు. కూర్చోలేం, పడుకోలేం. ఫోన్ చేసి చెబితే "మీకు చెమటకాయలు లేచుంటాయి" అన్నారు.

అనుమానంపక్షి

అందరూ క్లోరిన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టున్నారే. క్లోరిన్ అంటే 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్ర దగ్గర సైనికుల మీదకి వదిలిన విషవాయువు. దాన్ని వేడి నీళ్లలో కలిపి రోమకూపాలు తెరుచుకునేలా కూర్చోవడం ఆరోగ్యమా? క్యాన్సర్ వస్తుందని కూడా చదివాను. మందు కంపెనీలు చెప్పవు.

గ్యాస్‌మాస్క్

అన్నా, నేను క్లోరిన్ సిలిండర్ల దగ్గర పనిచేసేవాణ్ణి. యుద్ధంలో వదిలింది వాయువు. టబ్‌లో ఉన్నది లీటరు నీళ్లలో 3, 4 మిల్లీగ్రాములు, అదీ హైపోక్లోరస్ ఆమ్లం రూపంలో. రెండూ ఒకటి కాదు. కానీ నువ్వు అడిగిన ప్రశ్న మరీ కొట్టిపారేసేది కాదు. ఎందుకంటే ఆ వాయువుని ఇంటి పెరట్లో తయారు చేసుకోవడం చాలా తేలిక, తెలియకుండా చేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

క్లోరిన్ మందుకి ఆమ్లం తగిలితే చాలు, క్లోరిన్ వాయువు వచ్చేస్తుంది. పీహెచ్ తగ్గించడానికి వాడే పొడి గానీ, ద్రవం గానీ ఆమ్లమే కదా. క్లోరిన్ కొలిచిన గ్లాసుతోనే, తడి ఆరకుండా, దాన్ని కొలిస్తే గుప్పున కొడుతుంది. ఇంకోటి, క్లోరిన్‌లోనే రకాలున్నాయి. కాల్షియం హైపోక్లోరైట్ పొడి ఒకటి, సయన్యూరిక్ ఆమ్లం అనే పదార్థంతో కలిసుండే ట్రైక్లోర్, డైక్లోర్ ఇంకోటి. "రెండూ క్లోరినే కదా" అని ఒకే డబ్బాలో పోస్తే వేడెక్కి మంటలు లేవొచ్చు, పేలనూ వచ్చు. అడుగున కాస్త తేమ ఉంటే ఇంకా తొందరగా.

మందు పొడి మీద నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే పొడి వేయాలి. ఒకటి వేశాక జెట్లు తిప్పి, అది కలిసిపోయాకే రెండోది. డబ్బా మూత ముఖానికి దగ్గరగా పెట్టుకుని తీయొద్దు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి వీపు పెట్టి చల్లాలి. అమెరికాలో ఒక్క పూల్ మందుల ప్రమాదాలతోనే ఏటా దాదాపు 4,500 మంది ఎమర్జెన్సీ వార్డులకి వెళ్తున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ లెక్క. వాళ్లలో నీళ్లలో దిగకుండా ఊరికే డబ్బా మూత తీసినవాళ్లూ ఉన్నారు.

ఎప్పుడైనా పొగ పీల్చేస్తే డబ్బా సర్దడం కోసం ఆగొద్దు. బయటికి, గాలి తగిలే చోటికి పరుగెత్తాలి. కళ్లలో పడితే 15 నిమిషాలు ఆపకుండా కుళాయి కింద కడగాలి. తడిసిన బట్టలు విప్పేయాలి. దగ్గు, ఆయాసం, ఛాతీ బిగపట్టినట్టు ఉంటే ఆసుపత్రికే. "ఇప్పుడు బాగానే ఉంది" అనుకుని పడుకోవద్దు, గట్టిగా పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు కొన్ని గంటలాగి చేరొచ్చు. మా దగ్గర అలాంటివాళ్లని రాత్రంతా కనిపెట్టుకుని ఉండేవాళ్లం.

అనుమానంపక్షి

సరే, వాయువు సంగతి ఒప్పుకున్నా. క్యాన్సర్ మాట?

తెల్లకోటు

అందులో కొంత నిజం ఉంది, భయపెట్టినంత లేదు. క్లోరిన్ గానీ బ్రోమిన్ గానీ నీళ్లలోని సేంద్రియ పదార్థంతో కలిస్తే ట్రైహాలోమీథేన్లు లాంటి ఉపఉత్పత్తులు పుడతాయి. క్లోరోఫామ్ వాటిలో ఒకటి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2బీ వర్గంలో, అంటే "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవి" అనే జాబితాలో పెట్టింది. ఇవి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళ్తాయి. వేడి ఎక్కువైతే గాలిలోకి ఎక్కువ లేస్తాయి. మామూలు పూల్ కంటే హాట్ టబ్ నీళ్లలో ఇవి పోగుపడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నీళ్లు తక్కువ, మనుషులు ఎక్కువ, వేడి ఎక్కువ.

కాబట్టి తలుపులు మూసిన గదిలో, నెలల తరబడి మార్చని నీళ్లలో రోజూ గంటలు గంటలు కూర్చునే మనిషికి నేను వద్దనే చెబుతాను. ఆరుబయట, శుభ్రమైన నీళ్లలో, పదిహేను ఇరవై నిమిషాలు కూర్చునేవాళ్లకి దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఊపిరితిత్తుల మాటకొస్తే, గాలి ఆడని ఇండోర్ పూల్స్‌లో రోజూ సాధన చేసే పోటీ ఈతగాళ్లలో ఆస్తమా మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో ట్రైక్లోరమైన్ పాత్ర ఉందని చాలామంది నిపుణులు అనుకుంటారు. ముందే ఆస్తమా ఉన్నవాళ్లు ఘాటు వచ్చే టబ్‌లో దిగకపోవడమే మేలు.

కానీ పక్షి గారూ, మందు లేని నీళ్లు ఏం చేశాయో కూడా చూడండి. 1999లో నెదర్లాండ్స్‌లో బోవెన్‌కార్‌స్పెల్ అనే ఊళ్లో పూల ప్రదర్శన జరిగింది. అక్కడ అమ్మకానికి, చూడ్డానికి పెట్టిన వర్ల్‌పూల్ టబ్ (జెట్లున్న వేడినీళ్ల తొట్టి) తుంపరల్లోంచి లెజియోనెల్లా అనే, ప్రాణాంతక న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా వ్యాపించింది. 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లు ఆ నీళ్లలో దిగను కూడా లేదు. పక్కనుంచి నడిచి వెళ్లారు, అంతే. 2019లో అమెరికాలో నార్త్ కరోలినాలోని ఒక ప్రదర్శనలోనూ ఇలాగే హాట్ టబ్‌ల దగ్గరే అనుమానం తేలింది, నలుగురు పోయారు.

అనుమానంపక్షి

దిగకుండానే?! ఇది తెలియదు.

ఇద్దరుపిల్లలతల్లి

చిన్న సందేహం. మా చిన్నదానికి నాలుగేళ్లు. కాస్త మందు తగ్గించి దించొచ్చా? మా చెల్లెలు కడుపుతో ఉంది, తనకీ ఈ కెమికల్స్ భయం.

తెల్లకోటు

మందు తగ్గించొద్దమ్మా. నాలుగేళ్ల పిల్లని దించనే వద్దు. ఐదేళ్ల లోపు వాళ్లకి హాట్ టబ్ తగదని సీడీసీ సలహా, ఆ ఒళ్లు ఇట్టే వేడెక్కిపోతుంది, నీళ్లూ మింగుతారు. మీ చెల్లెలికి కూడా మందుల కంటే వేడే అసలు భయం. మొదటి మూడు నెలల్లో ఒంటి లోపలి వేడి 39 డిగ్రీలు దాటడం బిడ్డ వెన్నుపాము ఎదుగుదలకి మంచిది కాదు. తన డాక్టరుని అడగకుండా దిగొద్దని చెప్పండి.

సాయంత్రంనీడ

అందరికీ థాంక్స్. టెస్ట్ స్ట్రిప్‌తో (నీళ్లలో ముంచితే గళ్ల రంగు మారే కాగితం) చూశాం.

బ్రోమిన్ గడి చివరి రంగు వచ్చింది, 20 అని రాసుంది. పీహెచ్ గడి పసుపు, అంటే 6.8 లేదా ఇంకా కిందే. ఆల్కలినిటీ 40 దగ్గర. నీళ్లు మార్చి మూడు నెలలు దాటింది. బిళ్లల డబ్బా అడుగున కంతలన్నీ పూర్తిగా తెరిచే ఉన్నాయి, టబ్ మూత ఎప్పుడూ మూసే ఉంటుంది.

తెల్లకోటు గారూ, మావారికి పొక్కులు కావు. మెడ కింద నుంచి కాళ్ల దాకా ఒకేలా ఎర్రగా, చేతులకి పొట్టు లేస్తోంది. నిక్కరు కింద ప్రత్యేకంగా ఏమీ లేదు. టెస్ట్ చేసింది షాక్ పొడి వేసిన మర్నాడు పొద్దున, అది చెప్పడం అవసరమో కాదో.

పీహెచ్_పంతులు

అవసరమే, బాగా చెప్పారు. ఆ "క్లోరిన్ లేని షాక్" పొటాషియం పెరాక్సీమోనోసల్ఫేట్ అనే పొడి. అది నీళ్లలో మిగిలి ఉంటే టెస్ట్‌ని కూడా మోసం చేస్తుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అయినా 20లో సగం తీసేసినా మీ అంకె ఎక్కువే. హాట్ టబ్‌లో బ్రోమిన్ 4 నుంచి 8 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) ఉంటే చాలు. క్లోరిన్ అయితే కనీసం 3. పీహెచ్ 7.0 నుంచి 7.8.

మీ అంకెలు చూస్తే కథ ఇలా నడిచి ఉంటుంది. బ్రోమిన్ బిళ్ల ఆమ్ల గుణం ఉన్నది. షాక్ పొడీ అంతే. రెండూ కలిసి వారం వారం ఆల్కలినిటీని తినేశాయి. అది పడిపోయాక పీహెచ్‌ని పట్టి ఉంచేది లేదు, అదీ జారింది. ఆమ్లంగా మారిన నీళ్లు కళ్లకీ చర్మానికీ మంటే. కంతలన్నీ తెరిచిన డబ్బా రాత్రీ పగలూ బ్రోమిన్ వదులుతూనే ఉంది. వేడి నీళ్లమీంచి లేచే ఆవిరి మూత కింద బందీ. మీరు మూత ఎత్తి వంగి చూసేసరికి అదంతా ఒక్కసారి మీ ముఖాన. మీకొచ్చే దగ్గు అదే అనుకుంటున్నాను.

ఇకనుంచి మూత ఎత్తి పక్కకి జరగండి. జెట్లు వేసి కొన్ని నిమిషాలు గాలి ఆడనివ్వండి, తర్వాత దగ్గరికెళ్లండి. షాక్ చేసినప్పుడు కూడా వెంటనే మూయకుండా కాసేపు తెరిచే ఉంచాలి. మూతకీ మంచిది, దాని లోపలి పొర ఆ ఆవిరికే చివికిపోతుంది.

తెల్లకోటు

దద్దుర్లు మీరు చెప్పిన తీరు చూస్తే మందుల వల్ల రేగిన చర్మంలాగే ఉంది, ఫోటో లేకుండా అంతకంటే చెప్పలేను. 20 పీపీఎం, ఆమ్లపు నీళ్లు ఉంటే ఎవరి చర్మమైనా రేగుతుంది. కానీ మీకు రాకుండా ఆయనకే, అదీ మర్నాటికి ముదరడం చూస్తే అలర్జీ కూడా ఉండొచ్చని నా అనుమానం. టబ్‌లలో వాడే వాటిలో బ్రోమిన్ బిళ్లలకీ, పంతులు గారు చెప్పిన ఆ షాక్ పొడికీ అలర్జీ వచ్చినవాళ్లు వైద్య పత్రికల్లో కనిపిస్తారు. ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాన్ని చర్మం మీద అంటించి రేగుతుందో లేదో చూడటం) చేయించుకుంటే తేలుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు డబ్బాల లేబుల్ ఫోటోలు తీసుకెళ్లండి. "ఏదో పూల్ మందు" అంటే ఆయన మాత్రం ఏం పరీక్షిస్తాడు!

మీ దగ్గు గురించి ఒక్క మాట. మూత తీసినప్పుడు వచ్చి తగ్గిపోతే పంతులు గారు చెప్పిందే. అలాకాక టబ్ వాడిన రోజుల్లో జ్వరం, మెట్లెక్కితే ఆయాసం, వారాల తరబడి దగ్గు ఉంటే అది వేరే జబ్బు. హాట్ టబ్ లంగ్ అంటారు. క్లోరిన్‌కి ఒక పట్టాన లొంగని మైకోబ్యాక్టీరియా తుంపరల్లోంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి తెచ్చే వాపు. టబ్‌కి దూరంగా ఉంటే తగ్గుతుంది, మళ్లీ దిగితే తిరగబెడుతుంది. చాలామంది డాక్టర్లు న్యుమోనియా అనుకుంటారు, టబ్ ఉందని మీరే చెప్పాలి.

బుడగలబాబు

అయితే బ్రోమిన్ తీసేసి రేపట్నుంచి అదే నీళ్లలో క్లోరిన్ వేస్తే సరిపోతుంది కదా, ఆయనకి పడుతుందో లేదో తెలిసిపోతుంది?

పీహెచ్_పంతులు

తెలియదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్రోమిన్ వాడిన నీళ్లలో బ్రోమైడ్ మిగిలి ఉంటుంది. అందులో క్లోరిన్ వేస్తే ఆ క్లోరిన్ బ్రోమైడ్‌ని మళ్లీ బ్రోమిన్‌గా మార్చేస్తుంది. మీరు క్లోరిన్ వేశామనుకుంటారు, టబ్‌లో ఉండేది బ్రోమినే. "క్లోరిన్‌కి మారినా దురద తగ్గలేదు, ఈయనకి రెండూ పడవు" అని తేల్చేస్తారు.

సాయంత్రంనీడ గారూ, నీళ్లు ఎలాగూ పాతబడ్డాయి కాబట్టి మొత్తం తీసేయండి. తీసే ముందు పైపులు శుభ్రం చేసే ద్రవం వేసి జెట్లు తిప్పితే లోపల పట్టిన జిగురు పొర ఊడి వస్తుంది. మొదటిసారి చూస్తే కడుపులో తిప్పుతుంది, ముందే చెబుతున్నా. క్రిములు దాక్కునేది ఆ పొరలోనే, ఎంత మందు వేసినా అడుగుదాకా దిగదు. ఫిల్టర్ మార్చండి, బిళ్లల డబ్బా తీసేయండి, లోపల తుడిచి, కొత్త నీళ్లు పట్టండి.

కొత్త నీళ్లలో ఒక్క క్లోరిన్ మాత్రమే వాడండి. షాక్ పొడి కూడా వద్దు, లేకపోతే దోషి ఎవరో తేలదు. ఆల్కలినిటీ 80కి తగ్గకుండా చూసుకోండి. 1,200 లీటర్లలో 40 నుంచి 80కి తేవాలంటే సోడియం బైకార్బొనేట్ సుమారు 80 గ్రాములు చాలు. పీహెచ్ 7.4, 7.5 దగ్గర ఉంచితే కళ్లకి హాయి, క్లోరిన్‌కీ బలం. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన రూపంలో ఉంటుంది, 8 దాటితే పావు వంతు కూడా ఉండదు.

గ్యాస్‌మాస్క్

పంతులు గారూ, డైక్లోర్ పొడితో సయన్యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఆ మాట చెప్పలేదు.

పీహెచ్_పంతులు

చెప్పబోతున్నా, మీరు తొందరపెట్టారు. డైక్లోర్‌తో 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 9 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం వెంట వస్తుంది. రోజూ 3 పీపీఎం వేస్తే నెల తిరిగేసరికి 80 అవుతుంది. అది ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడుతుంది, ఆరుబయట పూల్‌కి పనికొచ్చే గుణమే. కానీ క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. స్ట్రిప్ మీద 3 కనిపిస్తుంది, సూడోమోనాస్ మాత్రం నింపాదిగా బతుకుతుంది. అందుకే హాట్ టబ్‌లలో అది వద్దని సీడీసీ అంటుంది. మూత ఎప్పుడూ ఉండే టబ్‌కి దాని అవసరమూ తక్కువే. సువాసనలు, నురగ వచ్చే పదార్థాలు కలపని మామూలు సోడియం హైపోక్లోరైట్ ద్రవం వాడుకోండి.

ఇంకో మాట. టెస్ట్‌లో రంగు రాకపోతే క్లోరిన్ లేదనే అనుకోకండి. నీళ్లలో చుక్కలు వేసి రంగు చూసే కిట్లలో క్లోరిన్ మరీ ఎక్కువైనా రంగు వెలిసిపోయి సున్నా చూపిస్తుంది. "లేదు" అని ఇంకా పోస్తారు. అనుమానం వస్తే టబ్ నీళ్లు సగం, మంచినీళ్లు సగం కలిపి మళ్లీ టెస్ట్ చేసి, వచ్చిన అంకెని రెట్టింపు చేయండి.

రెక్కలగుర్రం

దిగే ముందు స్నానం సంగతి ఎవరూ చెప్పలేదేం? ఒక్క నిమిషం ఒళ్లు కడుక్కుని దిగితే సగం గొడవ వదులుతుంది. మా ఇంట్లో ఒళ్లంతా లోషన్ పూసుకుని దిగేవాళ్లున్నారు. నీళ్లమీద నురగ చూసి "జెట్లు భలే పనిచేస్తున్నాయి" అని మురిసిపోతారు!

మోడరేటర్

లోషన్ నురగ మీద విడిగా చర్చ ఉంది, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ ఆరోగ్యం వరకే ఉంచండి.

సాయంత్రంనీడ

చాలారోజులకి వచ్చాను, క్షమించాలి. పంతులు గారు చెప్పినట్టే పైపులు కడిగి, నీళ్లు మార్చాం. (ఆ జిగురు గురించి ముందే చెప్పి మంచిపని చేశారు. ముదురు రంగు పొరలు పొరలుగా వచ్చింది, మావారు ఆ రోజు భోజనం మానేశారు.) ఇప్పుడు క్లోరిన్ ద్రవం ఒక్కటే. 3, 4 మధ్య ఉంచుతున్నాం, పీహెచ్ 7.4. మూత ఎత్తి పక్కకి జరుగుతున్నాను, దగ్గు లేదు. వాసన ఉందో లేదో వెతుక్కోవాలి.

మావారికి దద్దుర్లు తగ్గాయి. ప్యాచ్ టెస్ట్‌లో ఆ షాక్ పొడికి గట్టిగా ఎర్రబడింది, బ్రోమిన్ బిళ్లకి ఏమీ కాలేదు. నేను బ్రోమిన్‌నే తిట్టుకుంటూ ఉన్నా! మా అత్తగారు మాత్రం ఇంకా దిగలేదు, "ముందు మీరు ఓ ఏడాది కూర్చోండి, చూద్దాం" అంటున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. బ్రోమిన్ బిళ్లలు సగం డబ్బా ఉన్నాయి. పారేయడం ఎలా? ఖాళీ అయిన ఆ తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్లలు వేసుకోవచ్చా?

గ్యాస్‌మాస్క్

వద్దండి! ఆ డబ్బాలో వేరే రకం బిళ్ల ఎప్పుడూ వేయొద్దు. మూలల్లో పొడి మిగిలి ఉంటుంది, రెండూ తడిలో కలిస్తే లోపలే వేడెక్కుతుంది. క్లోరిన్ బిళ్లలు కావాలంటే కొత్త డబ్బా కొనండి, అసలు హాట్ టబ్‌కి ట్రైక్లోర్ బిళ్లలు వాడొద్దు, మళ్లీ ఆమ్లం గొడవ మొదలవుతుంది.

మిగిలిన బ్రోమిన్‌ని దాని సొంత డబ్బాలోనే, మూత బిగించి, పొడిగా, ఎండ తగలని చోట ఉంచండి. క్లోరిన్ ఉన్న అరలో వద్దు, పీహెచ్ మందు పక్కన అసలే వద్దు. చెత్తబుట్టలో వేయకండి, లోపల తడి ఏముంటుందో తెలియదు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి, లేదా బ్రోమిన్ వాడే వాళ్లెవరైనా తెలిస్తే డబ్బా మీది లేబుల్ చూపించి ఇచ్చేయండి.

బుడగలబాబు

మాకు తెలిసినవాళ్లు వాడతారు, ప్రైవేట్ మెసేజ్ పెట్టాను చూడండి.